పెళ్ళిగోడ మీద చిలక ముక్కు

అక్షరాలు రానంతకాలం రాయలేదంటే అందులో వింత లేదు. వచ్చాక కూడా చాలా ఏళ్ళు నా సంగతి నేను రాయలేదు. రాయడమంటే ప్రశ్నపత్రంలో అడిగినదానికి జవాబు చెప్పడమే అనుకునేదాన్ని. ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. రాస్తానని ఒకసారి మా అత్తతో అంటే "నాను పోయేక రాసుకోయే" అంది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు రాస్తున్నాను.

చోడవరంలో మా వీధిలో పెళ్ళి కుదిరితే ముందుగా గోడ సంగతి చూసేవారు. వీధివైపు గోడకు సున్నం కొట్టి, అది ఆరాక జాజుతో బొమ్మలు వేయాలి. గుమ్మానికి అటూ ఇటూ అరటిచెట్లు, పైన పల్లకీ, పల్లకీ మీద జంట చిలకలు. ఎర్రటి జాజుమట్టిని చింతగింజల జిగురులో కలిపి, ఈతపుల్ల చివర నలగ్గొట్టి కుంచె చేసుకుని వేసేవాళ్ళం.

ఆ పని నాకు నేర్పింది మా అత్త. నేను కాపురానికి వచ్చేనాటికే ఆవిడ కుంచె మానేసింది. అప్పటికే మామ లేరు. పెళ్ళిగోడ మీద ముత్తైదువ చెయ్యే పడాలని మా వీధిలో పట్టింపు. అందుకని ఆవిడ అరుగు మీద కూర్చుని నోటితో బొమ్మ వేసేది, నేను చేత్తో వేసేదాన్ని.

"ఒసే, అది సిలకా? కాకికి ఎర్రరంగేసినట్టుంది. మెడ ఒంచు. ఇంకా ఒంచు. పెళ్ళికూతురు తలొంచుకోదేటే?"

అలా తిట్లు తింటూనే నా చెయ్యి తిరిగింది. కొన్నాళ్ళకు రావికమతం వైపు నుంచి కూడా కబురు వచ్చేది. సున్నం కొట్టిన గోడ ముందు నిలబడితే ఆ చల్లదనం ముఖానికి తగిలేది. ఆ వాసన ఇప్పటికీ నాకు పెళ్ళి వాసనే. వానలు పడగానే బొమ్మలన్నీ ఎర్రగా కారిపోయేవి. అందుకు దిగులనిపించేది కాదు. మళ్ళీ ఇంకో పెళ్ళి, ఇంకో గోడ.

మా ఆయన ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవారు. జ్వరం వచ్చి పోయారు. ఆ తర్వాత మాఘమాసంలో ఎదురింట్లో పెళ్ళి. నన్ను పిలవలేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా. తెల్లటి ఆ గోడను మా గుమ్మంలోంచి చూస్తూ కూర్చున్నాను. అత్త పక్కన చేరి చుట్టను అడ్డపొగగా, నిప్పు కొస నోట్లోకి పెట్టుకుని, "అలవాటైపోతాదిలే" అంది.

తొంభైల మొదటి రోజులవి. పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే బడి ఆ ఏడే మా వీధిలో పెట్టారు. చేతికి పని లేక వెళ్ళాను. పలక ఇచ్చి 'అ' దిద్దమన్నారు. బలపం పట్టుకోగానే నా వేళ్ళు చిలక మెడ వంపు వెతుక్కున్నాయి. పక్కవాళ్ళు కుస్తీ పడుతుంటే నా అక్షరం గుండ్రంగా కుదిరింది. చదవడం మాత్రం తొందరగా రాలేదు. బస్సు నుదుటి మీద 'రోలుగుంట' అన్నది కూడబలుక్కునేలోపు బస్సే వెళ్ళిపోయేది.

బడి మొహం చూడనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదవవచ్చని అక్కడి పంతులమ్మే చెప్పింది. మొదటిసారి తప్పాను, రెండోసారి గట్టెక్కాను. తత్వశాస్త్రం తీసుకోవడానికి గొప్ప కారణమేమీ లేదు. అందులో ఇంగ్లీషు పీడ ఉండదని ఎవరో చెప్పారు.

ఆదివారాలు అనకాపల్లిలో తరగతులు. టిఫిన్ గిన్నెలో చద్దన్నం పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కేదాన్ని. మిగిలినవాళ్ళంతా ప్రమోషన్ల కోసం వచ్చిన ఉద్యోగులు. ఒకరోజు లెక్చరరుగారు అనుమాన ప్రమాణం చెబుతున్నారు. అంటే కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడం.

"కొండ మీద పొగ కనిపించింది. దాన్నిబట్టి ఏం తెలుస్తుంది?" అని అడిగారు.

"బెల్లం వండుతున్నారండి" అన్నాను.

తరగతంతా నవ్వింది. ఆయనా నవ్వారు. "నిప్పు ఉందని తెలుస్తుందమ్మా. బెల్లమో కాదో వెళ్ళి చూస్తే గానీ తెలీదు."

ఆ సాయంత్రం తిరుగు బస్సులో తోటల వెనక పొగ కనిపించింది. మళ్ళీ బెల్లమే అనుకున్నాను. మలుపు తిరిగాక చూస్తే ఎవరో చెరకు ఆకు తగలబెడుతున్నారు. ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కిటికీ పక్కన కూర్చుని, నేను అనుకున్నవి, చూసినవి వేరుచేసుకోవడం ఆ రోజు నుంచే మొదలైంది. అలా చూస్తే నా బతుకులో అనుకున్నవే ఎక్కువ.

మరో ఆదివారం శబ్ద ప్రమాణం. నమ్మదగినవారు చెప్పిన మాటను కూడా జ్ఞానంగా తీసుకోవచ్చట. నమ్మదగినవారంటే ఎవరని అడిగాను. "తనకు తెలిసినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పేవారు" అన్నారు. అది నోటుబుక్కులో రాసుకుని 'తెలిసినదాన్ని' అన్న మాట కింద గీత గీసుకున్నాను.

ఆఖరి ఏడాది పరీక్షలూ, మా మరిది కూతురి పెళ్ళీ ఒకే నెలలో పడ్డాయి. మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ పిల్ల నా చేతుల మీద పెరిగింది. ఆఖరి పేపరు రాసి బయటికి వచ్చాక వెంటనే బస్సెక్కలేకపోయాను. ఖాళీ అయిన తరగతి గదిలోకి మళ్ళీ వెళ్ళి నా బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. ఇక ఆదివారాలు ఉండవు. అక్కడ నన్నెవరూ ఏ ఇంటి కోడలివని అడగలేదు. ఏమనుకుంటున్నావని అడిగారు.

ఇంటికి చేరేసరికి ఇంకా పొద్దుంది. పెళ్ళికూతురు వీధిలోకే పరుగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, రా, సూడు! పక్కీధి ఆవిణ్ణి సిలకలెయ్యమంటే కోళ్ళేసింది."

చూశాను. కోళ్ళే. ఒకదానికి జుట్టు కూడా ఉంది.

"నువ్వెయ్యి పెద్దమ్మా. నా పెళ్ళికి నీ సిలకలే కావాల."

అరుగు మీంచి అత్త కసిరింది. "నోర్ముయ్యే గుంటా! నీ కాపురం సల్లగుండాలని కాదేటి?"

నాకూ భయమే. రేపు ఆ పిల్లకు ఏ కష్టం వచ్చినా అందరూ నా చేతినే చూస్తారు. అందరికంటే ముందు నేనే చూసుకుంటాను. అయినా చెయ్యి ఆ గోడ కోసం కొట్టుకుపోతోంది. పుస్తకాల సంచీ దింపకుండానే అత్త పక్కన కూర్చున్నాను.

"అత్తా, మన చెయ్యి పడకూడదని నీకెవరు సెప్పేరు?"

"మా అత్త."

"ఆవిడికి?"

"ఆవిడత్త. ఇంకెవరు సెప్తారు, కలకటేరా?"

"పడితే ఏటవుతాదో వాళ్ళెవరైనా సూసేరా?"

అత్త నోట్లో చుట్ట తీసి పట్టుకుంది. తర్వాత గోడవైపే చూస్తూ మెల్లగా అంది.

"నా పెళ్ళికి ఈ గోడ ముత్తైదువే ఏసింది. నీ పెళ్ళికీ ముత్తైదువే ఏసింది. పల్లకీ, సిలకలు, అన్నీ బాగానే ఏసేరు." చుట్ట నుసి దులిపింది. "మరి మన మొగుళ్ళేరే?"

అలాంటి ప్రశ్న నేను చదివిన పుస్తకాల్లో లేదు. పెళ్ళికూతురు మా ఇద్దరి మధ్యలో వచ్చి కూర్చుంది.

"వీధిలో ఎవరేటైనా అంటే?" అన్నాను.

"తిడతాను. నాకది బాగా వచ్చు" అంది అత్త. "నీ డిగిరీలో నేర్పలేదేమో."

మా మరిదీ తోడికోడలూ ఆవిడ మాట దాటే మనుషులు కాదు. లోపలికి వెళ్ళి పరీక్ష చీర విప్పి పాత చీర కట్టుకున్నాను. జాజు నానబెట్టాను.

మర్నాడు పొద్దున్నే లేచి కోళ్ళ మీద సున్నం కొట్టాను. అది ఆరేదాకా ఈతపుల్ల నలగ్గొడుతూ కూర్చున్నాను. ఎండ గోడ మీదికి ఎక్కాక అత్తను చెయ్యి పట్టి లేపి, గోడ దగ్గరికి తీసుకెళ్ళి, కుంచె ముందు ఆవిడ చేతికిచ్చాను. వద్దంటూనే అందుకుంది. అలవాటు తప్పిన చేతిలో చిలక ముక్కు పొడుగ్గా కిందికి జారింది.

"సొట్టబోయిందే. తుడిసీ" అంది.

తుడవలేదు. కుంచె తీసుకుని, ఆ ముక్కు దగ్గరే మొదలుపెట్టి తల గీశాను, మెడ వంచాను, రెక్కలు వేశాను.