నా నోటీసుకు నేనే రాసిన జవాబు

చార్మినార్ వెనక గల్లీలో మేము కిరాయికున్న ఇంటికి మెట్ల కింద ఒక ఇనుప గేటు ఉండేది. దాని గొళ్లెం ఊడిపోయి నాలుగు నెలలైంది. పైన నేనూ మా ఆవిడా, కింద ఇంటాయన. గాజుల దుకాణం కొడుకులకు అప్పగించి ఇంటిపట్టున ఉంటున్న పెద్దమనిషి. గల్లీలో అందరికీ చాచా. గొళ్లెం సంగతి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ చాయ్ తాగించి పంపారు.

"ముప్పై ఏండ్ల సంది ఈ గల్లీల సూది పోలే బేటా. ఫికర్ చెయ్యకు."

ఒక శుక్రవారం చాచా నమాజుకు వెళ్లినప్పుడు, మేమిద్దరం డ్యూటీల్లో ఉన్నప్పుడు, పట్టపగలే మా ఆవిడ కుట్టుమిషన్ పోయింది. వాళ్లమ్మ ఇచ్చిన మిషన్. దాంతోపాటు నా లాప్‌టాప్ కూడా. దొంగ పైన మా తలుపు తాళం పగలగొట్టాడు గానీ, గేటు దగ్గర వాడికి ఏ కష్టమూ కలగలేదు. పోలీసులు ఆ గేటును రెండుసార్లు తెరిచి, మూసి, ఏదో రాసుకొని వెళ్లారు.

చాచా నిజంగానే బాధపడ్డారు. మళ్లీ చాయ్ పంపారు. గొళ్లెం మాత్రం పెట్టించలేదు.

నాకు మండింది. నయాపూల్ వెళ్లి ఒక వకీలును కలిశాను.

"గేటు ఖరాబైందని ముందుగాల కాగితం మీద రాసిచ్చినవా?" అని అడిగాడు.

"నోటితోనే చెప్పిన సార్."

"సాక్షులు?"

"మా ఆమె."

"ఆమె మాట ఇంట్ల నడుస్తది, కోర్టుల కష్టం. అయినా, చెప్పినంక గూడ బాగుచెయ్యలేదంటే ఇంటాయన మీద అడగొచ్చు. ఒక నోటీసు కొట్టి చూద్దాం."

మూడోరోజు సాయంత్రం చాచా ఆ కవరు పట్టుకొని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"అంతా ఇంగ్లీషే ఉన్నది బేటా. నాకు ఉర్దూ తప్ప చదవరాదు. కొడుకులకు చూపిస్తే లొల్లి చేస్తరు. పోస్టుమాన్ చూసి చెప్పిండు, పంపింది నువ్వేనంట గద, నువ్వే చదివి చెప్పు."

ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. 'యజమాని ఘోరమైన నిర్లక్ష్యం' దగ్గర నా గొంతు తగ్గిపోయింది.

"గట్టిగ చదువు," అన్నారు. అంతా విన్నాక, "ఇంత గుస్స ఉన్నోనివి నాతోని ఒక్కసారన్న గట్టిగ మాట్లాడకపోతివి. సరే, దీనికి జవాబు గూడ రాయాలె గద. అది గూడ నువ్వే రాయి."

కాదనలేకపోయాను. ఎవరి సామానుకు వాళ్లదే జాగ్రత్త అని ఒప్పందంలో ఉందని రాశాను. తలుపుకు మేము వేసిన తాళం నాసిరకందన్నాను. రాసేకొద్దీ ఉత్సాహం వచ్చింది. వాదన నాకే నచ్చింది. చాచా పెన్ను తీసేసరికి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి కాగితం లాక్కుంది.

"ముందుగాల గేటుకు గొళ్లెం పెట్టియ్యుండ్రి చాచా. దస్కత్ తర్వాత."

మర్నాడు పొద్దున్నే వెల్డింగు మనిషి వచ్చాడు. మధ్యాహ్నానికి సంతకం అయింది. ఆ జవాబు చూసి మా వకీలు పెదవి విరిచాడు.

"ఇది మామూలోళ్లు రాసింది కాదు. వెనకాల ఎవడో హుషారు వకీలున్నడు. ఊకుంటేనే మంచిది."

ఆ వకీలెవరో నేను చెప్పలేదు. పోయిన సామాను దొరకలేదు. చాచా నష్టం కట్టివ్వలేదు, నేను మళ్లీ అడగలేదు. మేమిద్దరం అరుగు మీద కూర్చుని కబుర్లాడుతుంటే మాత్రం మా ఆవిడ పైనుంచి చూసేది.

"ఇద్దరు కలిసి మంచిగనే రాసుకున్నరు. మా అమ్మ మిషన్ సంగతి ఎవలు రాయలే."