ముందింటి ఆంటీ

మొన్న మా ఊరి శివారు టకానినిలో ఒక గృహప్రవేశానికి వెళితే, కొత్తగా పరిచయమైన ఒకావిడ నా పేరైనా అడగకుండా "మీది ఏ స్కూల్ జోన్ అండీ?" అంది. మా పిల్లలు ఉద్యోగాల్లో చేరి ఏళ్ళయింది. అయినా పేరున్న స్కూలు దగ్గర ఇల్లుంటేనే ఇక్కడ మనవాళ్ళ లెక్కలో మనిషి. నవ్వొచ్చింది. ఆ వెంటనే, మునుపు మేమున్న మౌంట్ ఆల్బర్ట్‌లోని ముందింటి ఆంటీ గుర్తొచ్చింది.

ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఆవిడ ఇంటి వెనక ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్ళం. ఫిజీలో పుట్టిన తెలుగావిడ. తాతల నాటి తెలుగు, మధ్యమధ్య హిందీ. హైదరాబాద్ బ్యాంకులో అధికారం వెలగబెట్టిన నేను ఇక్కడ రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళకు స్నానాలు చేయించేదాన్ని. తను చేసేచోటే ఆంటీ నాకూ ఆ పని ఇప్పించింది. ఎవరైనా అడిగితే మాత్రం "హెల్త్‌లో చేస్తున్నా" అని తప్పించుకునేదాన్ని.

బతుకమ్మ పండుగ వచ్చింది. ఇక్కడ తంగేడు లేదు, గునుగు లేదు. బతుకమ్మను ఎన్నడూ చూడని ఆంటీ తన పెరట్లో మిగిలిన కమేలియా పూలన్నీ కోసిచ్చింది. డ్యూటీ దిగి, యూనిఫామైనా మార్చుకోకుండా నాతో కూర్చుని పేర్చింది. ఆ బట్టలతోనే, మనవాళ్ళంతా బతుకమ్మ ఆడే హాలుకూ వచ్చింది.

పట్టుచీరల మధ్య ఒకావిడ "ఎవరామె?" అనడిగింది. నాకేం పోయేకాలమొచ్చిందో, "పనికి సాయం వస్తది" అనేశాను. ఈ దేశంలో పనిమనిషిని పెట్టుకున్నదాన్నని ఆవిడ నావైపు గౌరవంగా చూసింది. ఆంటీ రెండడుగుల దూరంలోనే ఉంది. ఆఖర్న గిన్నెలన్నీ ఆవిడే కడుగుతుంటే ఎవరూ వద్దనలేదు, నేను కూడా.

తిరిగొచ్చేటప్పుడు కారులో అంది: "నన్నూ అడిగినారు, నువ్వెవరని. మా అమ్మాయి అని చెప్పినాను."

సిగ్గుతో చచ్చిపోయాను. నలుగురిలో అన్న మాటను ఆ నలుగురిలోనే దిద్దుకోవాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

మరుసటేడు "నేనెందుకు?" అంది ఆంటీ. "మీరు రాకుంటే నేనూ పోను" అని భీష్మించుకు కూర్చున్నాను. హాలు నడిమధ్య ఆవిడ చెయ్యి పట్టుకుని, అందరికీ వినబడేట్టు చెప్పాను: "ఈమె మా ఓనర్. ఈమె ఇంటెనక ఫ్లాట్‌ల కిరాయికుంట. ఇద్దరం రెస్ట్ హోమ్‌ల ముసలోళ్ళకు స్నానాలు చేయిస్తం. పోయినేడు నేను అబద్ధం చెప్పిన."

"చాల్లే, పూలు వాడిపోతాయి, ఆడండి" అంది ఆంటీ.

గృహప్రవేశంలో అడిగినావిడకు కూడా నా పనేమిటో, ఏ ఫ్లాట్‌లో మొదలయ్యానో దాచకుండా చెప్పాను. ఆనాడు హాలులో ఆడిన అబద్ధానికి నాకు క్షణం పట్టలేదు. దిద్దుకోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆంటీ రోజూ నన్ను తన కారులోనే పనికి తీసుకెళ్ళింది.