బొట్టు పెట్టిన ఐదొందల నోటు

సోమవారం తెల్లవారుజామున, మసీదులో అజాన్ వినిపించడానికి కాస్త ముందు, జగ్గయ్యపేటలో మా పక్కింటి మామయ్య నిద్రలోనే చనిపోయారు. గుండె బలహీనంగా ఉందని డాక్టర్లు ముందే చెప్పారు. దానికి ముందు శనివారం సాయంత్రం, పోయిందనుకున్న ఆయన ఐదొందల నోటు ఆయన చేతికి తిరిగొచ్చింది. మరణవార్త చెప్పిన ప్రతివాళ్లకీ ఈ రెండో సంగతి కూడా చెబుతూ వచ్చాను. ఒక్క ఐదొందల నోటుకి ఇంత ఏముందని కొందరు అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు బంధువు కాదు. రెండిళ్ల పెరళ్ల మధ్య ఎత్తు తక్కువ గోడ ఒకటి ఉంది. మా అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు మామయ్య, ఆయన భార్య నాకు అత్తయ్య. నందిగామ బస్టాండు దగ్గర ఆయనకి కళ్లజోళ్ల షాపు ఉండేది. రోజూ పొద్దున జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేవారు. నందిగామ కోర్టు వార్తలు రాసిన రోజుల్లో నేనూ అదే బస్సులో వెళ్లేవాణ్ని. కిటికీ సీటు ఎవరడిగినా ఇచ్చేసేవారు. కండక్టరు చిల్లర ఇచ్చినప్పుడు మాత్రం కిటికీ వైపు వంగి, వెలుతురులో ఒక్కో నోటూ చూసుకునేవారు. కొత్త రకం నోటేమైనా వచ్చిందా అని.

పాత ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయిన తర్వాత పట్టుకున్న అలవాటది. అంతకుముందు ఆయన నోట్లని అందరిలాగే ఖర్చు పెట్టేవారు. ఆ రోజుల్లో నేను బ్యాంకుల ముందు క్యూల గురించి రాస్తున్నాను, ఆయన ఆ క్యూల్లో నిలబడుతున్నారు. ఒక మధ్యాహ్నం నందిగామలో బ్యాంకు మెట్లు దిగుతూ కనిపించి, గులాబీ రంగు రెండువేల నోటు చూపించారు.

"చూడు అల్లుడూ, ఎంత తళతళలాడుతుందో. దీనికి టీ కూడా రాదు."

"ఎందుకు రాదు మామయ్యా?"

"చిల్లర ఎవడిస్తాడయ్యా? పొద్దున్నుంచి నిలబడి తెచ్చుకున్నది, జేబులో పెట్టుకుని చూసుకోవడమే."

ఆ నోటుని ఆయన మార్చలేదు. తర్వాత వచ్చిన బూడిదరంగు ఐదొందల్లో ఒకటి, పసుపుపచ్చ రెండొందల్లో ఒకటి, హంపి రథం బొమ్మ ఉన్న యాభైలో ఒకటి, అలా ప్రతి కొత్త నోటులో ఒకటి తీసి పెళ్లి ఫొటోల ఆల్బమ్‌లో దాచడం మొదలుపెట్టారు. నోటు వెనక అడుగున అచ్చయిన సంవత్సరం ఉంటుంది. అది మారితే మళ్లీ ఒకటి. ఆయన పెట్టుకున్న నియమం ఒక్కటే: డబ్బిచ్చి నోటు కొనకూడదు. షాపులోనో బస్సులోనో సంతలోనో తనంతట అది చేతికి రావాలి.

రెండువేల నోటులో చిప్పు ఉందని, భూమిలో పాతిపెట్టినా ఎక్కడుందో తెలిసిపోతుందని జనం చెప్పుకుంటున్నప్పుడు, దాని మీద రాయమని మా పత్రికాఫీసు నుంచి ఫోనొచ్చింది. నేను షాపుకి వెళ్లాను. మామయ్య లెన్సు కంటికి పెట్టుకుని నోటుని లైటు దగ్గరికి ఎత్తి చాలాసేపు చూశారు.

"చిప్పు లేదు, చీమ కూడా లేదు," అన్నారు.

"అయితే లేదని రాసేస్తా."

"వెనక్కి తిప్పి చూశావా?"

తిప్పి చూశాం. అక్కడా లేదు. అప్పటినుంచి నేను ఏ వార్త గురించి చెప్పినా ఆయన అడిగే మొదటి ప్రశ్న అదే. ఫిర్యాదు చేసినవాడి మాట వినొస్తే, వెనక్కి తిప్పి చూశావా అనేవారు. రెండో పక్షాన్ని కూడా అడిగావా అని దానర్థం. అలాగని ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదని కాదు. అంచు వంకరగా ఉన్న రెండొందల నోటొకటి దొరికితే, అచ్చులో వచ్చిన తేడా అని నెలల తరబడి అందరికీ చూపించారు. ఎవరో కత్తెరతో కత్తిరించారని తేలాక అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే.

అసలు నోటు సంగతికి వస్తాను. నోట్లు రద్దయిన ఆ చలికాలంలోనే, కళ్లజోడు చేయించుకున్న వీరులపాడు రైతు ఒకాయన ఇచ్చిన కొత్త ఐదొందల నోటు మీద, నంబరు మధ్యలో చిన్న నక్షత్రం కనిపించింది. అచ్చులో ఒక నోటు చెడిపోతే, దాని బదులు కట్టలో పెట్టే నోటుకి ఆ గుర్తు వేస్తారు. విజయవాడలో నోట్లు సేకరించే ఒకాయన ఫోన్లో ఫొటో చూసి, ఎప్పుడైనా అమ్మితే ముందు నాకే చెప్పండి అన్నాడు. మామయ్య దాన్ని ఆల్బమ్ మొదటి పేజీలో పెట్టారు.

ఆ తర్వాత వచ్చిన శ్రావణంలో అమ్మకి వరలక్ష్మీ వ్రతానికి మడత లేని నోటు కావలసి వచ్చింది. నేను ఏటీఎం నుంచి తెచ్చినవన్నీ నలిగి ఉన్నాయి. అమ్మ గోడ దగ్గరికి వెళ్లి అడిగింది.

"అన్నయ్యా, మీ దగ్గర కొత్తవి ఉంటాయిగా. పూజలో పెట్టి సాయంత్రం ఇచ్చేస్తా."

ఆల్బమ్‌లో అన్నిటికంటే శుభ్రంగా ఉన్నది నక్షత్రం నోటే. అదే తీసి ఇచ్చి, మడత పెట్టొద్దు చెల్లెమ్మా అని రెండుసార్లు చెప్పారు. అమ్మ మడత పెట్టలేదు. అంచున పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. అమ్మవారి ముందు పెట్టే నోటుకి బొట్టు పెట్టకుండా ఉండొచ్చన్న ఆలోచనే ఆమెకి రాలేదు. పెట్టొద్దని చెప్పాలన్న ఆలోచన ఆయనకీ రాలేదు.

సాయంత్రం మామయ్య నోటు చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు పట్టి చూశారు.

"పూజకని తీసుకెళ్లి పెళ్లికూతుర్ని చేసి పంపావు చెల్లెమ్మా."

"అయ్యో, తుడిచేయనా అన్నయ్యా?"

"వద్దొద్దు. తుడిస్తే నంబరు కూడా పోయిద్ది. ఉండనీ."

విజయవాడ ఆయన ఆ ఫొటో కూడా చూసి, ఇక దాని విలువ ఐదొందలేనండి అన్నాడు. దాని మీద రాసుంది కూడా అంతేగదండీ అన్నారు మామయ్య.

మరుసటేడు శ్రావణానికి ఆ నోటు ఆయనే గోడ మీదుగా అందించారు. అమ్మ మిగతా నోట్ల జోలికి రాకుండా ఉంటుందని ముందుజాగ్రత్త అని అత్తయ్య ఎగతాళి చేసింది. ఆ ఏడు నుంచి అది ఏటా మా ఇంటికొచ్చి కొత్త బొట్టుతో వెళ్లేది. బొట్టు ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే చెప్పేవారు. కళ్లజోడుకి అద్దం బిగించే ముందు, కంటిపాప ఎదురుగా ఎక్కడ రావాలో అద్దం మీద పెన్నుతో చుక్క పెడతారు. ఆ పెన్నుతోనే నోటు ఉన్న ప్లాస్టిక్ కవరు మీద చుక్క పెట్టి ఇచ్చేవారు.

"చుక్క ఉన్నచోటే పెట్టు చెల్లెమ్మా. నక్షత్రం మీదకి రానీకు."

"అమ్మవారికి కూడా కొలతలేనా అన్నయ్యా," అని విసుక్కుంటూ అమ్మ సరిగ్గా అక్కడే పెట్టేది.

బస్సులో ఎవరో ఒకసారి, ఏంటి సాయిబు గారూ, మీ నోటు ఏటా నోములు పడుతోందంట అని ఆటపట్టించారు. నోముకి వెళ్లినా రాత్రికి మా ఇంటికే వస్తుందండీ అన్నారాయన.

ఈ ఏడాది ఆషాఢం చివర్లో షాపులో ఉండగా ఆయనకి గుండెనొప్పి వచ్చింది. నందిగామలోనే ఆసుపత్రిలో చేర్చారు. అత్తయ్యకి ఫోన్లో డబ్బు కట్టడం రాదు, మామయ్య ఫోన్ పిన్ను తెలియదు. బీరువాలో కనిపించిన నోట్లన్నీ చేతిసంచిలో వేసుకుని బయల్దేరింది. శ్రావణం వస్తోందని మామయ్య ముందే ఆల్బమ్‌లోంచి తీసిపెట్టిన కవరు కూడా అందులోనే పడింది. ఆసుపత్రి ఎదురుగా మందుల షాపులో, కంగారులో ఏ నోటో చూసుకోకుండా, కవరులోంచి ఆ నోటు తీసి ఇచ్చేసింది.

మామయ్యని ఇంటికి పంపారు గానీ, ఎన్నాళ్లో చెప్పలేమన్నారు. గురువారం నాడు మంచం మీద నుంచి ఆయన, చెల్లెమ్మకి నోటు ఇచ్చావా అని అడిగారు. ఇచ్చా అంది అత్తయ్య. తర్వాత ఇచ్చేద్దామని బీరువాలోని చేతిసంచి తెరిచి చూస్తే అందులో ఖాళీ కవరు ఉంది. అప్పుడు మా పెరట్లోకి వచ్చింది.

"నోటు పోతే పోయింది వదినా," అంది అమ్మతో. "ఆయనతో అబద్ధం చెప్పా. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కటి చెప్పలేదు. ఇదే ఆఖరి మాటైపోతే నేనెట్టా బతకాలి?"

"మరి ఉన్నమాట చెప్పరాదా?"

"గుండె అట్టా ఉంటే ఎట్టా చెప్పను?"

అమ్మ నా వైపు చూసింది. వార్తల కోసం ఎక్కడికైనా వెళతావుగా, దీనికీ వెళ్లు అంది.

శుక్రవారం పొద్దున నేను ఆ మందుల షాపుకి వెళ్లాను. అన్ని రోజుల తర్వాత ఒక ఐదొందల నోటు ఉంటుందని నాకు నమ్మకం లేదు. విషయం చెప్పాను. యజమాని పెద్దాయన. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఎక్కడికి పోయిద్దండీ? పసుపు కుంకుమ పెట్టిన నోటు చిల్లరగా ఎవరికైనా ఇస్తామా? గల్లాపెట్టెలో అమ్మవారి పటం కింద ఉంది."

తీసి చూపించారు. నక్షత్రం ఉంది, అంచుల వెంట అమ్మ బొట్లు ఉన్నాయి. ఏ మరక వల్ల దాని ధర పోయిందో, ఆ మరకే దాన్ని ఊళ్లు తిరగకుండా ఆపింది. వేరే నోటిస్తాను, అది ఇప్పించమన్నాను.

"ఇవాళ శుక్రవారం కదండీ. అందులోనూ శ్రావణ శుక్రవారం. గల్లాలోంచి లక్ష్మిని తీసి బయటికి పంపమంటారా?"

"అవతల మనిషికి బాలేదండీ."

"ఆయన బాగుండాలనే చెబుతున్నా. రేపు రండి. ఉట్టి నోటు తేకండి, బొట్టు పెట్టి తెండి."

ఆ రాత్రి అత్తయ్య నిద్రపోలేదని తర్వాత తెలిసింది. శనివారం అమ్మ నలిగిన నోటొకదానికి బొట్టు పెట్టి ఇచ్చింది. పెద్దాయన రెండు నోట్లూ కళ్లకద్దుకుని మార్చుకున్నారు. సాయంత్రానికి నోటు అత్తయ్య చేతిలో పెట్టాను. ఆమె గోడ మీదుగా అమ్మకిచ్చింది. ఇచ్చా అన్న మాట అలా నిజమైపోయింది, ఇక ఆయనకి ఏమీ చెప్పక్కర్లేదు అనుకున్నాం.

ఇంతలో లోపల్నుంచి మామయ్య పిలిచారు. "చెల్లెమ్మా, నోటు ఒకసారి ఇటు తే. ఈ ఏడు చుక్క పెట్టలేదు."

అమ్మ తీసుకెళ్లింది, వెనకే మేమిద్దరం. ఆయన కళ్లజోడు పెట్టుకుని నోటు ముందువైపు చూశారు. తిప్పి వెనకవైపు చూశారు. ఎర్రకోట బొమ్మ మీద నడిమధ్యలో, పెద్ద కుంకుమ బొట్టు ఉంది. మందుల షాపు పెద్దాయన శుక్రవారం పూజలో పెట్టినట్టున్నారు. నేను రెండు రోజుల్లో రెండుసార్లు ఆ నోటు చూశాను, తిప్పి చూడలేదు.

"ఇది నీ చేతి బొట్టు కాదే చెల్లెమ్మా," అన్నారు మామయ్య.

అత్తయ్య మంచం అంచున కూర్చుని జరిగిందంతా చెప్పింది, ఇచ్చా అని చెప్పిన అబద్ధంతో సహా. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు.

"అబద్ధం ఎక్కడాడావు? ఇచ్చానన్నావు. ఇచ్చేశావు. ఎవరికిచ్చావని నేనడగలేదుగా," అన్నారు.

అత్తయ్య ఏడుస్తూనే నవ్వేసింది. ఆయన నా వైపు తిరిగారు.

"వెనక్కి తిప్పి చూశావా అల్లుడూ?"

"లేదు మామయ్యా."

"ఇన్నేళ్లు రాసి ఏం లాభం," అని పెన్ను తెమ్మన్నారు. నోటుని కవరులో పెట్టి, కుడి అంచున ఖాళీగా ఉన్నచోట చుక్క పెట్టి, వ్రతం దాకా ఉంచమని అత్తయ్యకిచ్చారు. ఆదివారం నాకు తెలిసి ఆయన మామూలుగానే ఉన్నారు. జావ తాగారు, ఆల్బమ్ తెప్పించుకుని చూశారు. అత్తయ్యతో చాలాసేపు మాట్లాడారు.

సోమవారం సాయంత్రం ఖననం అయింది. ఇవాళ, బుధవారం, మూడోరోజు ప్రార్థనలు, జియారత్ చేశారు. విజయవాడ ఆయన ఫోన్ చేసి పరామర్శించి, ఆల్బమ్ ఏం చేస్తారని మెల్లగా అడిగాడు. ముందు నోటు వ్రతానికి వెళ్లి తిరిగి రానీండి, అమ్మేదైతే లేదు అంది అత్తయ్య. ఆమె గొంతు నిలకడగా ఉంది. నాకు అది చాలు.

చావింటికి వెళ్లొచ్చి వ్రతం ఏంటని మా వీధిలో ఒకరు అమ్మని అడిగారు. మా అన్నయ్య చుక్క పెట్టి వెళ్లాడు, మానేస్తే ఒప్పుకోడు అంది అమ్మ.

వరలక్ష్మీ వ్రతం ఎల్లుండి, శుక్రవారం. భర్త పోయిన అత్తయ్య ఇద్దత్, అంటే నాలుగు నెలల పది రోజుల గడువు, పూర్తయ్యేదాకా ఇల్లు దాటదు. కాబట్టి పొద్దున్నే పెరటి గోడ మీదుగా కవరు అందిస్తుంది. దాని మీద ఆయన పెట్టిన నల్లచుక్క ఉంటుంది. ఆ చుక్క ఎక్కడుందో చూసుకుని, కవరులోంచి నోటు తీసి, అమ్మ అక్కడ బొట్టు పెడుతుంది. సాయంత్రం హారతి అయ్యాక నోటు మళ్లీ గోడ దాటి ఇంటికి వెళుతుంది.