ఎంత నూరినా తెగని కత్తి

మా ఆయన జేబులో కత్తి లేకుండా చేనికి పోయిన దినం నేను చూడలేదు. కొమ్ము పిడి ఉన్న మడత కత్తి అది. టమేటా చెట్లకు కట్టిన పురికొస తెంపాలన్నా, డ్రిప్పు పైపు కొయ్యాలన్నా, మధ్యాన్నం రొట్టెలోకి ఎర్రగడ్డ తరుక్కోవాలన్నా అదే. పత్తికొండ మార్కెట్టుకు పోయేటప్పుడు కూడా జేబు తడుముకొని, ఉండాది అనుకున్నాకే బండెక్కుతాడు. అది పదునుగా ఉంటే ఆయనకు ప్రాణం నిమ్మళం. లేకుంటే ఇంట్లో నాకు నిమ్మళం ఉండదు.

పోయిన ఎండాకాలం నుంచి కత్తికి పదును ఎక్కడం లేదని మొదలుపెట్టినాడు. ముందు తిట్లు తినింది మా పుట్టింటి రాయి. నాది బేతంచెర్ల. పెండ్లయిన కొత్తలో మా నాయన, కత్తులు నూరుకోండని ఒక నాపరాయి ముక్క ఇచ్చి పంపినాడు. అప్పటినుంచి అది గడప పక్కనే ఉండాది. దాని మీద నీళ్ళు చల్లి, కత్తి వీపు కింద రూపాయి బిళ్ళ పట్టేంత ఎత్తి, అటొకసారి ఇటొకసారి నూరుతాడు. అంచున సన్నగా పొర లేస్తే తోలు బెల్టు మీద రుద్ది తీసేస్తాడు. ఆఖరున బొటనవేలు అంచుకు అడ్డంగా ఆనించి చూస్తాడు. చర్మాన్ని పట్టుకుంటే పదును, జారిపోతే మొద్దు. మా మామ అట్లే చూసేవాడంట, మా నాయనా అంతే. మా పక్క కత్తి పట్టినోళ్ళందరికీ పదును సంగతి చెప్పేది ఆ వేలే.

"మీ బేతంచెర్ల రాయి పని అయిపోయిందే. సున్నపురాయి, దాంట్లో ఏం సత్తువుంటుంది?" అన్నాడు ఒక పొద్దు.

నాకు కోపం నషాళానికి అంటింది. "ఇన్నేండ్లు నూరింది దీని మీదనే కదా సామీ! అప్పుడు లేని రోగం రాయికి ఇప్పుడొచ్చిందా? ఆడలేక మద్దెల ఓడన్నాడంట, నీలాంటోడే" అన్నా. పుట్టింటి మాటొస్తే నా నోరు ఊరుకోదు, ఏం చేద్దును.

ఆయన వింటాడా? బద్వేలులో ఉండే వాళ్ళక్కతో కడప నల్లబండ ముక్క తెప్పించుకున్నాడు. "చూడు, మా అక్కోళ్ళ పక్క రాయి" అని నాలుగు పూటలు మురిసినాడు. కొత్తొక వింత, పాతొక రోత. వారం తిరక్కుండా అది కూడా గడప పక్కకు చేరింది. తర్వాత ఉప్పు కాగితం తెచ్చి చెక్కకు అంటించినాడు. అదీ కాలేదు. నేను టీ తాగే పింగాణీ కప్పు బోర్లించి, దాని అడుగున గీసినాడు. సైకిలు మీద చక్రం తిప్పుకుంటా వచ్చే సాన పట్టే ఆయన్ను నిలబెట్టి, మళ్ళీ మళ్ళీ పట్టించినాడు. "ఏమప్పా, ఇంక పట్టినానంటే నీకు పిడి ఒక్కటే మిగుల్తాది" అని ఆ మనిషి దండం పెట్టి పోయినాడు. నేను పడీ పడీ నవ్వినా.

కానీ రానురాను నవ్వు రావడం మానుకుంది. ఆయన వేళ్ళ మీద గాట్లు కనబడబట్టినాయి. ఒకటి ఆరకముందే ఇంకొకటి. ఆయనకు షుగరు ఉండాది. గుర్తొస్తే మాత్ర మింగుతాడు, లేకుంటే లేదు. షుగరు మనిషికి పుండు మానక వేళ్ళు తీసేయించుకున్నోళ్ళను మా ఊర్లోనే చూసినా. కత్తి పోతే ఇంకొకటి దొరుకుతాది, మనిషి పోతే యాడ తెచ్చుకునేది? మొద్దు కత్తిని బలంగా నొక్కుతాండాడు, అది జారి కోస్తాంది అని నేనూ నమ్మినా. అందుకే, ఫోన్లో చూసి వజ్రపు పొడి అంటించిన ఇనుప పలక ఏదో తెప్పించుకుంటానంటే, తొందరగా తెప్పించుకోమని పోరు పెట్టింది నేనే.

పలక వచ్చిన సాయంత్రం వాకిట్లో కూర్చొని మొదలుపెట్టినాడు. నేను ఎదురుగా చింతపండులో గింజలు తీస్తాండా. నూరేది, వేలు ఆనించేది, తల అడ్డంగా ఊపేది. మళ్ళీ నూరేది.

"ఊహూ. ఇదీ మోసమే. శానా గొప్పగా చెప్పినారు దీని గురించి" అన్నాడు.

తలెత్తి చూస్తే పలక మీద నీళ్ళు ఎర్రగా ఉండాయి. తుప్పేమో అనుకున్నా. తుప్పయితే ఆయన మోచేతి దాకా ఎట్లా కారుతాది?

"నెత్తురయ్యా! వేలు తెగింది!" అని అరిచినా.

ఆయన బొటనవేలు తిప్పి చూసుకున్నాడు. ఎదుటోళ్ళ వేలు చూసినట్టు చూసినాడు. "ఎప్పుడు తెగింది?" అని నన్నే అడిగినాడు.

కొంగుతో వేలు గట్టిగా చుట్టి కట్టినా. కత్తి తీసుకొని గంపలో బాగా మాగిన టమేటా మీద పెట్టినా. నొక్కనే లేదు. దాని బరువుకు అదే దిగిపోయింది. ఆ కత్తి ఏ దినమూ మొద్దుబారలేదు. మా రాయి, వాళ్ళ రాయి, కాగితం, కప్పు, అన్నీ వాటి పని అవి చేసినాయి.

తాళికి తగిలించుకున్న పిన్నీసు తీసినా. "రెండో చెయ్యి ఇట్లియ్యి. నువ్వు ఆ పక్కకు చూడు, గుచ్చుతా" అన్నా.

ఆయన నవ్వుకుంటా వీధిలోకి చూసినాడు. కొంచెం సేపటికి, "గుచ్చేదుంటే గుచ్చవే, ఎంతసేపు?" అన్నాడు. పిన్నీసు అప్పటికే ఆయన వేల్లో దిగి ఉండాది.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చినాయి. ఈ మనిషిని కొట్టాలనిపించింది, పట్టుకొని ఏడ్వాలనిపించింది. చేతికే తెలియకుంటే, పొద్దుగుంకేదాకా చేన్లో తిరిగే కాళ్ళ సంగతేంది?

"కాళ్ళు చాపు" అన్నా.

"ఏమే, ఉన్నట్టుండి మొగుని మీద ఇంత భక్తి పుట్టింది?" అని ఎగతాళి చేసినాడు.

"చాపయ్యా అంటే!"

నా మొహం చూసి చాపినాడు. చెంబులో నీళ్ళు పోసి మట్టి కడిగినా. కుడి మడమ కింద కంపముల్లు విరిగి లోపలే ఉండాది. చుట్టూ నల్లబడి ఉబ్బింది. వేలితో ఒత్తితే చీము వచ్చింది. ఆ కాలితోనే పొద్దున చేనికి నడిచిపోయి, నడిచి వచ్చినాడు.

"ఎన్నాళ్ళయిందయ్యా ఇది దిగి?" అన్నా.

నేనింకా దాన్ని ఒత్తిపట్టుకొనే ఉండా. ఆయన వంగి, తన కాలంతా కండ్లతో వెతుక్కున్నాడు.

"యాడ?" అన్నాడు.