వజీరున్నీసా మేడమ్ స్కోరు

వజీరున్నీసా ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతుంది. ఉండేది ఉదయగిరిలో. పొద్దున బస్సెక్కి పోవడం, చీకటి పడే వేళకు ఇల్లు చేరడం. సెలవు రోజుల్లో మాత్రం కొండెక్కేది. చెక్క గరిటెలకు వాడే నర్ది చెట్టును కొట్టేశాక, మోడు మళ్లీ ఎంత నెమ్మదిగా చిగురిస్తుందో ఏళ్ల తరబడి చూసి ఒక వ్యాసం రాసింది. అది నెట్‌లోని ఒక పరిశోధన పత్రికలో వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ పత్రికలో ప్రతి వ్యాసం పక్కనా ఒక అంకె ఉంటుంది. వార్తల్లో, ఫేస్‌బుక్‌లో, వీడియోల్లో ఆ వ్యాసం ప్రస్తావన వచ్చినప్పుడల్లా అంకె పెరుగుతుంది. ప్రమోషన్లప్పుడు కాలేజీ చూసేది దాన్నే. ఆమెది సున్నా. అడిగిన ప్రతిసారీ ఆమెను పక్కన పెట్టారు.

నిరుడు ఎండాకాలంలో ఉన్నట్టుండి ఆ అంకె వందలు దాటింది. ప్రిన్సిపాల్ మల్లికార్జున స్టాఫ్ రూముకే వచ్చాడు.

"మన కాలేజీలో ఎవరికీ ఇంత స్కోరు రాలేదు మేడమ్. ఏం చేసినారు?"

ఆమెకూ తెలియదు. ఇంటికి వచ్చి వెతికితే ఒక వీడియో కనిపించింది. నర్ది బెరడు కషాయంతో షుగర్ పోతుందని పరిశోధనలో తేలిందంటూ ఎవరో ఆమె వ్యాసం చూపిస్తున్నాడు. ఆమె రాసింది ఒక్క వాక్యం: 'ఈ బెరడు షుగర్‌కు పనిచేస్తుందని పెద్దలంటారు గానీ మేము పరీక్షించలేదు.' వీడియోలో మొదటి సగమే ఉంది.

ఆ వారమే పక్కింటి రామసుబ్బమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. మాత్రలు మానేసి కషాయం తాగుతోందట. ఆసుపత్రిలో ఆమె వజీరున్నీసా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే కనిపెట్టినావని చెప్పినారే! నీ మీద నమ్మకంతోనే తాగినాను."

"నేనట్ట రాయలేదు అవ్వా."

"మరి ఫోన్లో నీ పేరెందుకు ఉండాది?"

సెలవు రోజున వజీరున్నీసా కొండ మీదికి పోతే, తాను చూస్తూ వచ్చిన చెట్లకు బెరడు ఒలిచేసి ఉంది.

ఆ వీడియో అబద్ధమని ఫేస్‌బుక్‌లో రాసింది. డాక్టర్లు దాన్ని పంచుకున్నారు, కషాయం అమ్మేవాళ్లు తిట్టారు. స్కోరు రెట్టింపయింది. ప్రిన్సిపాల్ సంబరంగా ఫోన్ చేశాడు.

"ఈసారి ప్రమోషన్‌కు మీ పేరే పంపిస్తా ఉండాను!"

"నన్ను తిట్టినందుకు పెరిగింది సార్ అది."

"తిట్టినా పొగిడినా దానికొకటే గదా."

"ఆ అంకెతో పంపొద్దు సార్. నా వ్యాసం చదివి, బాగుందనిపిస్తే పంపండి."

"చదివేదానికి ఎవురుండారు మేడమ్? పైనోళ్లు నన్ను అంకె అడుగుతారు. నేను మిమ్మల్ని అడుగుతాను," అన్నాడు. ఎగతాళి కాదు. అతనూ అలిసిపోయినట్టే ఉన్నాడు.

ఆమె పేరు పంపలేదు. ఆ ప్రమోషన్ కంప్యూటర్స్ చెప్పే ప్రశాంత్‌కు వచ్చింది. వజీరున్నీసా అతని గదికి వెళ్లి అభినందించి, తర్వాతి క్లాసుకు పోయింది.

రామసుబ్బమ్మ కోలుకుంది. బెరడు పోయిన చెట్లు చాలావరకు ఎండిపోయాయి. వ్యాసంలో షుగర్ గురించిన ఆ వాక్యం తీసేయమని పత్రికవాళ్లకు వజీరున్నీసా రాసింది. పరిశీలిస్తామన్నారు, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. ఆదివారాలు ఆమె మళ్లీ కొండెక్కుతోంది, ఎక్కడైనా కొత్త చిగురు కనబడుతుందేమోనని.