శనివారం మూడు గంటల ఫోను

మొన్న శనివారం మా మనవరాలు తన ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడిదో పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం. ఆటగాళ్ళు మైదానంలోకి వస్తుంటే వేలమంది ఒక్కసారిగా ఫోన్లు పైకెత్తి లైట్లు వెలిగించారు, మైకులో పాట హోరెత్తింది. మన ఊరి జనాన్ని చూసే వీళ్ళంతా కాపీ కొట్టారని ఆ పిల్ల ఇక్కడి యాస ఇంగ్లీషులో గొప్పగా చెప్పింది. బాగుందమ్మా అన్నాను గానీ, పోపు మాడుతోందని వంక పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. ఆ ఆనవాయితీ మొదలుపెట్టింది తాతయ్యేనని దానికి తెలుసు. మిగతాది ఎవరికీ తెలియదు.

నేను ఐర్లండులో ఈ ములింగార్ ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో మా ఆయనకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు, ఇంట్లో కూర్చుంటే తోచదు, బయటికెళితే చలి. ఆ అవస్థ చూడలేక పక్కింటి పెద్దాయన, బస్సు డ్రైవరుగా రిటైరైన ఐరిష్ ఆయన, ఒక శనివారం మధ్యాహ్నం తనతోపాటు ఫుట్‌బాల్ మ్యాచ్‌కు లాక్కెళ్ళాడు. మా ఊరి మైదానమంటే పెద్దగా ఊహించుకోకండి, రేకుల కప్పు కింద నాలుగు వరుసల బెంచీలు, మూలన టీ కొట్టు, అంతే. అయినా మా ఆయనకు ఆ బెంచీ మీదే ఈ దేశం అలవాటైంది. నాకంటే ముందు ఆయనకే ఊళ్ళో స్నేహితులు దొరికారని నేను దెప్పుతూ ఉండేదాన్ని.

రెండేళ్ళకు పెద్దాయన మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని, సరిగ్గా నా వార్డులోనే చేరాడు. నొప్పి కంటే మ్యాచ్ పోయిందన్న దిగులే ఆయనకు ఎక్కువగా ఉండేది. ఆ శనివారం మూడు గంటలకు మా ఆయన మైదానం నుంచి నాకు ఫోన్ చేసి, పెద్దాయన చెవి దగ్గర పెట్టమని, తన ఫోను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. జనం కేకలు వింటూ ఆ ముసలాయన మంచం మీద కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. పై వారం టీ కొట్టావిడ వృద్ధుల నర్సింగ్ హోములో ఉన్న అక్కకు ఫోన్ చేసింది. ఇంకొకాయన ఇల్లు కదలలేని తల్లికి చేశాడు. నెల తిరిగేసరికి అదొక పద్ధతైపోయింది. ఆటగాళ్ళు బయటికి రాగానే ఫోన్లు పైకి లేచేవి, వాటి అవతల ఉన్నవాళ్ళ కోసం స్టాండంతా గొంతెత్తి అరిచేది. వినేవాళ్ళెవరూ లేనివాళ్ళు ఫోను జేబులోనే ఉంచుకుని అరిచేవాళ్ళు. ఎవరూ పెట్టని నియమం, ఎవరూ తప్పలేదు.

ఆడడానికొచ్చిన బయటి జట్లవాళ్ళు ఇది చూసి తమ ఊళ్ళకు పట్టుకెళ్ళారు. మనదని చెప్పుకోకుండా ఎత్తుకుపోయారని నేను ఉడుక్కుంటే, ఎక్కడైనా మంచాన పడ్డవాళ్ళు ఉంటారుగా, వింటారులే అని మా ఆయన నవ్వేవాడు.

చివరికి ఆయనే మంచాన పడ్డాడు. ఆ శనివారం, ముందురోజంతా నొప్పితో మెలికలు తిరిగిన మనిషి, మధ్యాహ్నం మందు పడ్డాక కాస్త నిద్రలోకి జారుకున్నాడు. మూడింటికి పెద్దాయన ఫోన్. నిద్రపోయే రోగిని లేపకూడదన్నది నా చేతుల్లో ఇంకిపోయిన అలవాటు. కట్ చేశాను. మళ్ళీ చేశాడు, మళ్ళీ కట్ చేశాను. మూడోసారి ఫోనే ఆపేశాను. పై వారం ఎలాగూ వింటాడనుకున్నాను, ఇన్నేళ్ళు నర్సుగా చేసి కూడా.

నాలుగింటికి లేచి కిటికీ వైపు చూశాడు.

"మ్యాచ్ మొదలైందంటావా? ఫోను రాలేదేందే?"

"ఈ వారం మ్యాచ్ లేదంటండీ," అన్నాను.

అలాగా అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. సోమవారం వెళ్ళిపోయాడు.

సమాధి దగ్గర పెద్దాయన చేతికర్ర మీద ఆనుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ శనివారం ఎవరూ తమవాళ్ళకు ఫోన్ చేసుకోలేదట, స్టాండు మొత్తం తను ఎత్తి పట్టుకున్న ఆ ఒక్క ఫోను కిందికే చేరి, మా ఆయన పేరు పెట్టి పిలిచారట. ఎత్తకపోయినా రికార్డయ్యే వాయిస్ మెసేజిలోకైనా వెళుతుందని అలాగే పట్టుకుని ఉన్నాడట. విన్నాడా అని అడిగాడు. విన్నాడన్నాను. "గ్రాండ్," అన్నాడు, బాగుందనడానికి ఇక్కడివాళ్ళు అన్నిటికీ అనే ఆ మాటే. మెసేజి ఉన్నా నేను తెరవలేదు. ఆ ఫోను పాడైపోయేదాకా తెరవలేదు.

ఇప్పుడు స్టేడియాల్లో వెలిగే ఆ ఫోన్లలో అవతల ఎవరూ ఉండరు. లైటు కోసం ఎత్తుతారు, వీడియో కోసం ఎత్తుతారు. మా ఊళ్ళోనూ కుర్రకారు అలాగే ఎత్తుతున్నారు. నాకు ఒళ్ళు మండుతుంది, కానీ ఒక్క మాట అనడానికి నోరు రాదు. అందరికంటే ముందు, అవతల ఎవరూ లేని ఫోనుకు ఒక ఊరంతా గొంతు చించుకునేలా చేసింది నేనే.

పెద్దాయనకైనా నిజం చెప్పేయాలని ఎన్నిసార్లో ఆయన గుమ్మం దాకా వెళ్ళాను. తొంభై దాటాయి, చెవులు దాదాపు పోయాయి, ఏది చెప్పాలన్నా వీధి వినిపించేలా అరవాలి. అరిచి చెప్పే మాటా అది? టీ తాగి వచ్చేస్తుంటాను.