మోకాలెత్తు ఇటుకలు

నాకు కుదురు లేదని మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. అన్నం ముందు కూర్చున్నా ఒక కాలు గుమ్మం వైపే ఉంటుందట. అలాంటిదాన్ని తీసుకెళ్లి దేవుడు తడిసిన ఇళ్లకు కాపలా కాసే ఉద్యోగంలో పడేశాడు. మా ఆఫీసు కలకత్తా సాల్ట్ లేక్‌లో. పైపు పగిలో, కప్పు కారో, వరదొచ్చో ఇల్లు తడిస్తే మాకు కబురొస్తుంది. మేం వెళ్లి నీళ్లు తోడి, గాలిలో తేమను లాగే మిషన్లు పెట్టి, రోజూ గోడకు మీటర్ గుచ్చి చూస్తూ ఆరబెడతాం. ఎన్ని రోజులు పడుతుందో ఇంటివాళ్లకు చెప్పాల్సింది నేనే. ఎప్పుడూ ఒక రోజు తగ్గించే చెబుతాను. ఆ రోజుకు ఆరకపోతే గోడ మీద నాకు కోపం వస్తుంది, అదేదో నామీద పగబట్టి కూర్చున్నట్టు.

మొన్నటి వానాకాలంలో మమ్మల్ని కొండ మీదికి, కర్సియాంగ్ వైపు పంపారు. రేకుల కప్పు అతుకు దగ్గర ఊడి, నీళ్లన్నీ గోడలోపలి నుంచి దిగిపోయిన పాత ఇల్లు అది. వెళ్లిన మర్నాడు పొద్దున్న కాస్త ఎండ కనపడింది. నేను కలకత్తా దాన్ని కదా, తడి ఇల్లు కనపడగానే చేసే మొదటి పని చేశాను. తలుపులు, కిటికీలు బార్లా తీసేశాను. పావుగంటలో లోయలోంచి మబ్బు లేచి, పిలవని పేరంటానికి వచ్చినట్టు తిన్నగా ఇంట్లోకి వచ్చేసింది. బీరువా చెక్క మీద నీటి బొట్లు, దుప్పట్ల మీద చెమ్మ. మీటర్ నిన్నటికంటే ఎక్కువ చూపించింది. ఆ ఇంటి పెద్దావిడ, నేపాలీ ఆమె, చేతిలో టీ గ్లాసుతో వచ్చి, చెల్లెల్ని పిలిచినట్టు హిందీలో, "ఏం బైనీ, మేఘాన్ని భోజనానికి పిలిచావా?" అని అడిగి, ఒక్కో కిటికీ తనే మూసింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొండ మీద ఇల్లు ఆరాలంటే మూసేయాలి, లోపల వేడి పెట్టాలి, మిషన్ నడపాలి. ఆ పాఠం అప్పుడే గట్టిగా పట్టుకున్నాను. మరీ గట్టిగా పట్టుకున్నాననే చెప్పాలి.

ఐదో రోజున మా ఏక్‌బాల్‌పూర్ ఇంటి పైన ఉండే బిహారీ భాభీ ఫోన్ చేసింది. తెల్లవారేసరికి సందంతా నీళ్లు, మా గదిలో మోకాలెత్తున నిలిచాయి, అమ్మను పైకి తీసుకొచ్చేశాం అని. మాది నేల మీది గది. మా తాత శ్రీకాకుళం నుంచి ఓడరేవు డాక్‌లో పనికి వచ్చినప్పటి నుంచీ మావాళ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. నాన్న పోయాక ఆ గదిలో అమ్మ, నేను. అమ్మ ఇరవై ఏళ్లకు పైగా గోడౌన్లలో గోనెసంచులు కుట్టింది. ఆ జనపనార దుమ్మంతా ఛాతీలో చేరి ఉబ్బసమై కూర్చుంది. ఇంతకుముందే డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు, తడి గోడ ఉన్న గదిలో ఆవిడను పడుకోబెట్టొద్దు, ఈసారి ఊపిరి బిగిస్తే తట్టుకోవడం కష్టం అని. కొండ మీద పని మధ్యలో వదిలి రావడానికి వీల్లేదు. మిగిలిన నాలుగు రోజులూ ఆ ఇంటి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తొమ్మిదో రోజున గోడ ఆరిందని మీటర్ పచ్చలైటు చూపించగానే, పెద్దావిడ పెట్టిన భోజనం కూడా తినకుండా కొండ దిగిపోయాను.

నేను వచ్చేసరికి సందులో నీళ్లు దిగిపోయాయి. అమ్మ ఖిదిర్‌పూర్‌లో పిన్ని ఇంటికి, రెండో అంతస్తుకి మారింది. మా సందులో ఇంటింటా సుత్తి చప్పుడు. మావాళ్లకు ఒక పద్ధతి ఉంది. వరద దిగగానే, నీళ్లు నిలిచిన ఎత్తుకు ఇంకో మూర పైదాకా గోడకున్న పూత ఊడగొట్టి ఇటుక బయటపెట్టేస్తారు. దుర్గాపూజ వెళ్లి చలిగాలి తిరిగేదాకా అలాగే ఆరడానికి వదిలేస్తారు. పూజకు కొత్త బట్టలు కట్టుకుని ఆ బోడి గోడల మధ్య నుంచే బయటికి వస్తారు. చిన్నప్పుడు నాకు అది చచ్చేంత సిగ్గు. బడి స్నేహితులెవరైనా ఇంటికి వస్తామంటే ఏదో ఒక అబద్ధం చెప్పేదాన్ని.

పిన్ని ఇంట్లో అమ్మ మంచం అంచున, చేతిలో సంచి పట్టుకుని కూర్చుని ఉంది. బస్సు కోసం కూర్చున్నదానిలా కనపడింది.

"ఇంటికెప్పుడెల్దుమే గుంటా? ఈలింట్లో నాను సుట్టాన్ని. ఎన్నాళ్లని సుట్టంలా ఉండీది?"

"పది రోజులమ్మా. పదకొండో రోజుకి నీ మంచం మీద నువ్వు పడుకుంటావు."

"పది రోజులేటి? అందరూ గోడలు కొట్టీస్తన్నారంట గదా, మనం కూడా కొట్టించీద్దుము."

"కొట్టక్కర్నేదు. కొండ మీద ఇంతకంటే పెద్ద ఇల్లు తొమ్మిది రోజుల్లో ఆరబెట్టీసినాను."

అమ్మ ఒప్పుకోలేదు. "మీదనుంచి నీరు కారిన ఇల్లు ఏరు, కిందనుంచి ఎక్కిన ఇల్లు ఏరే అమ్మీ. నేలంతా తాగీసుంటాది. గోడ దాన్ని పీలుస్తానే ఉంటాది."

"నువ్వు గోనెసంచులు కుట్టినావు. గోడలు ఆరబెట్టీది నా పని. నీకేటి తెలుసు?" అని అరిచాను. పిన్ని వంటింట్లోంచి తొంగి చూసింది. అమ్మ సంచి మంచం కింద పెట్టేసింది. ఈ మాట ఇక్కడ రాయకుండా దాటేయొచ్చు. కానీ అన్నాను.

ఆఫీసును బతిమాలి రెండు మిషన్లు తెచ్చుకున్నాను. తలుపు, కిటికీ మూసి, వాటి ఖాళీలన్నిటికీ టేపు వేసి, హీటర్ పెట్టాను. అచ్చం కొండ మీద చేసినట్టే. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లే ముందు మీటర్ గుచ్చేదాన్ని. సాయంత్రం చెప్పులు విడవకుండానే మళ్లీ గుచ్చేదాన్ని. ఆదివారం గంటకోసారి చూశాను. ఆ మీటర్ ముళ్లు గోడ పైపూత వరకే పోతాయి, లోపలి ఇటుక సంగతి వాటికి తెలియదు. ఈ మాట నేనే ఎంతమంది ఇంటివాళ్లకు చెప్పానో! ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని. తొమ్మిదో రోజు పచ్చలైటు రాగానే మేస్త్రీని పిలిచాను. అతను గోడ మీద అరచెయ్యి ఆనించి, "దీదీ, ఒక్క నెల ఆగండి, గోడ ఇంకా చల్లగా ఉంది" అన్నాడు. మీటర్ చూపించి అతని నోరు మూయించాను. ఉబ్బిన చోట్ల సిమెంటు పూయించి, మీద ఖరీదైన ప్లాస్టిక్ పెయింటు వేయించాను. లేత పసుపు రంగు. మొత్తం సందులో నున్నటి గోడలున్న గది మాదొక్కటే. చెప్పొద్దూ, గర్వంగానే ఉంది.

అన్నట్టుగానే పదకొండో రోజున అమ్మను ఆటోలో తీసుకొచ్చాను. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. నేను వెనకాల సామాను పట్టుకుని నిలబడి, "ఎలాగున్నాది?" అన్నాను. నా గొంతు నాకు తెలుసు. అది ప్రశ్నలా ఉండదు.

"బాగున్నాది. బాగున్నాదే" అంది అమ్మ.

తర్వాత రోజుల్లో కొన్ని చిన్న చిన్న పనులు చేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మంచం గుమ్మం దగ్గరికి జరిగి ఉండేది. "వచ్చీ పోయీవోళ్లు తగుల్తారు, అడ్డం గదా" అని విసుక్కుంటూ మళ్లీ గోడ వారకు జరిపేదాన్ని. తలుపు తీసి ఉంటే, కొత్త పెయింటు ఆరడానికి మిషన్ నడుస్తుంటే తలుపేంటని మూసేదాన్ని. మందు పీల్చే పంపు దిండు కిందికి చేరింది. అడిగితే, చేతికి అందుతుందని అక్కడ పెట్టానంది. ఏ ఇంట్లోనైనా ఇలాంటివి చూస్తే ఒక్క చూపులో పట్టేసేదాన్ని. మా ఇంట్లో పట్టుకోలేదు.

అమ్మ ఇంటికి వచ్చిన పదమూడో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఒక ఇంటాయనకు ఫోనులో, మీ గోడ బుధవారానికి ఆరిపోతుందని చెబుతున్నాను. మధ్యలో భాభీ ఫోను మోగుతూనే ఉంది. రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి తీస్తే, "అమ్మకు ఊపిరాడటం లేదు, పెదాలు నల్లబడ్డాయి, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం" అంది. సాల్ట్ లేక్ నుంచి ఆసుపత్రికి టాక్సీలో ఎంతసేపు పట్టిందో తెలియదు. ప్రతి సిగ్నల్ దగ్గరా తలుపు తీసి దిగి పరిగెత్తబోయాను. డ్రైవర్ దాదా రెండుసార్లు చెయ్యి పట్టుకుని ఆపాడు. నేను వెళ్లేసరికి అమ్మ మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. ఈ రాత్రి గడవాలి అన్నారు.

గడిచింది. మర్నాడు పొద్దున్న అమ్మ బట్టల కోసం ఇంటికి వచ్చాను. చీర తీస్తుంటే బీరువా వెనక పలక చేతికి మెత్తగా తగిలింది. బీరువా పక్కకు లాగాను. లేత పసుపు రంగు అరచేతంత బుడగలుగా లేచి ఉంది. నేల నుంచి మోకాలెత్తు దాకా నల్లటి బూజు. అమ్మ మంచం లాగాను. అక్కడా అంతే, తల పెట్టుకునే చోట మరీ ఎక్కువ. భాభీ వాళ్ల సుత్తి అడిగి తెచ్చుకుని నేనే కొట్టాను. పెయింటు చర్మంలా ఊడి వచ్చింది, వెనకాల సిమెంటు పెళ్లలు. ఇటుక మీద చెయ్యి పెడితే నీళ్లు అంటుకున్నాయి. బయటికి పోయే దారి లేకుండా ఆ తడినంతా నేనే మూతవేసి లోపల పెట్టాను. దాని పక్కన అమ్మను పడుకోబెట్టాను. నాలుగు గోడలూ కొట్టేదాకా ఆగలేదు. చేతులు బొబ్బలెక్కాయి.

మూడో రోజుకి మాస్కు తీసి ముక్కుకు సన్నటి గొట్టం పెట్టారు. సాయంత్రం చూడనిచ్చే వేళకు వెళ్లాను. భాభీ అప్పటికే చెప్పేసినట్టుంది.

"గోడలు కొట్టీసినావంట" అంది అమ్మ.

"కొట్టీసినాను."

"సెయ్యి సూపించు." చూసి, బొబ్బల మీద ఊదబోయింది. ఊదడానికి ఊపిరి చాలలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. "ఇంటికొచ్చిన రోజున నీకు తెలీనేదేటమ్మా?" అన్నాను.

"తెలిసింది. గుమ్మంలోనే తడి వాసనొచ్చీసింది. పడుకుంటే గోడ మొహానికి చల్లగా తగిలీది."

"మరెందుకు సెప్పనేదు?"

ఆగి ఆగి చెప్పింది. కోపంతో కాదు, నిష్ఠూరంగానూ కాదు. ఇవాళ కూరేం చేశానో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"సెప్తే నువ్వు అరుస్తావు గదే. ఊపిరాడకపోతే పంపుంది నాకు. నువ్వు అరిస్తే నాకేటుంది?"

నేను మందులు తెస్తానని వరండాలోకి వచ్చేశాను. తేవాల్సిన మందులేమీ లేవు. మా అమ్మ నాకు భయపడి, తడి గోడ పక్కన పన్నెండు రాత్రులు నోరెత్తకుండా పడుకుంది.